కువైట్ బాకీ

2025 ఆగస్టు 2తో ఇరాక్ సేనలు కువైట్‌ను ఆక్రమించి 35 ఏళ్లు నిండాయి. కృష్ణా డెల్టాలో 1990 అనగానే పెద్దవాళ్లకు ముందుగా గుర్తొచ్చేది మే 9 నాటి తుపాను. కృష్ణమ్మ సముద్రంలో కలిసేచోట తీరం దాటిన ఆ గాలివాన తొమ్మిది వందలకు పైగా ప్రాణాలు తీసింది, గొడ్డూగోదాను, ఊళ్లకు ఊళ్లనే తుడిచిపెట్టింది. ఆ దెబ్బ నుంచి కోలుకుని రైతులు సార్వా ఊడ్పుల్లో ఉండగా రేడియోలో కువైట్ వార్త వచ్చింది. ఎక్కడి కువైట్, ఎక్కడి దివిసీమ అనుకున్నారు. ఏడాది తిరిగేలోగా డీజిలు ధర, ఎరువు బస్తా ధర, రూపాయి విలువ అన్నీ ఆ వార్తతో ముడిపడ్డాయి. తుపాను నష్టానికి మండల కచేరీల్లో లెక్కలు రాశారు, సాయం పంచారు, కరకట్టలు బాగుచేశారు. కువైట్ నష్టానికి డెల్టాలో ఎవరూ లెక్క రాయలేదు.

ఆ యుద్ధం గురించి మన ఇళ్లలో స్థిరపడ్డ కథ చాలా చిన్నది. సద్దాం హుస్సేన్ అనే దురాశాపరుడు పొరుగు దేశపు చమురు మీద కన్నేశాడు, అమెరికా వచ్చి అతణ్ని వెళ్లగొట్టింది. ఇందులో అబద్ధం లేదు. అయితే దురాశ లేని పాలకుడు ఎక్కడున్నాడు? అది 1990 ఆగస్టులోనే, కువైట్ మీదే ఎందుకు విరుచుకుపడిందో ఈ కథ చెప్పదు. అది తెలియాలంటే బాకీల చిట్టా తీయాలి. ఆ చిట్టాలో తొలి పద్దు రూపాయల్లో ఉంది.

1899 జనవరిలో కువైట్ పాలకుడు షేక్ ముబారక్ బ్రిటిష్‌వారితో రహస్యంగా ఒక ఒప్పందం చేసుకున్నాడు. వారి అనుమతి లేకుండా తన నేలలో ఒక్క ముక్కను కూడా పరాయి ప్రభుత్వానికి అమ్మనని, అద్దెకివ్వనని రాసిచ్చాడు. అందుకు ప్రతిఫలం 15 వేల రూపాయలు. సంతకం చేయించుకున్న అధికారి బూషహర్‌లో ఉండే బ్రిటిష్ రెసిడెంటు, అతనిపై పెత్తనం భారత ప్రభుత్వానిది. ఆ నెలలోనే కర్జన్ కలకత్తాలో వైస్రాయిగా బాధ్యతలు తీసుకున్నాడు. ఒట్టోమన్ తురుష్కులు, జర్మన్ రైలుమార్గం, రష్యా నౌకలు భారతదేశపు సముద్ర దారికి దగ్గరగా రాకూడదన్నదే అప్పటి చింత. ఆ ఇసుక కింద ఏముందో ఎవరికీ తెలియదు. కువైట్ అనే చిన్న రాజ్యం విడిగా నిలబడిందంటే దాని వెనుక భారత ఖజానా ఉందని ఇవాళ మనకు గానీ వాళ్లకు గానీ గుర్తులేదు. ఆ దేశం 1961 దాకా మన రూపాయినే వాడింది. గల్ఫ్ కోసమే రిజర్వు బ్యాంకు 1959లో ప్రత్యేకంగా నోట్లు అచ్చువేసింది కూడా.

మన తీరానికైతే గల్ఫ్‌తో అంతకన్నా పాత లావాదేవీ ఉంది. పదిహేడో శతాబ్దంలో మచిలీపట్నంలో ఓడలెక్కిన అద్దకం బట్టలు బందర్ అబ్బాస్ రేవులో దిగేవి. పెడన కలంకారీలో నేటికీ కనబడే పారశీక పూలతీగలు ఆ బేరసారాల్లో వచ్చి చేరినవే. సరుకు అటు వెళ్లిన రోజులవి. మనుషులు అటు వెళ్లే రోజులు చమురుతో వచ్చాయి.

చమురు కోసం మొదట వెళ్లినవాళ్లు కూలికి కాదు, తుపాకీతో వెళ్లారు. 1914 నవంబరులో ఒట్టోమన్ సామ్రాజ్యం మొదటి ప్రపంచ యుద్ధంలో దిగగానే భారత సైన్యం ఫావ్ వద్ద దిగి, బస్రా పట్టుకుంది. అబాదాన్‌లోని చమురు శుద్ధి కర్మాగారాన్ని కాపాడటం వాళ్లకు అప్పగించిన పనుల్లో ఒకటి. ఆ కర్మాగారాన్ని నడిపే కంపెనీలో బ్రిటిష్ ప్రభుత్వం సగానికి పైగా వాటా కొని అప్పటికి కొన్ని నెలలే. తమిళులు, తెలుగువారు కలిసి ఉన్న మద్రాసు సాపర్లు ఆ మెసపటోమియా బురదలో వంతెనలు కట్టారు, కందకాలు తవ్వారు. చమురు నేల కోసం మనవాళ్లు పడ్డ పాట్లు 1990లో మొదలైనవి కావు.

యుద్ధం ముగిశాక సరిహద్దులు గీసే పని బ్రిటిష్ హైకమిషనర్ సర్ పెర్సీ కాక్స్‌కు వచ్చింది. 1922-23లో ఆయన తేల్చిన గీతల వల్ల రెండు మహానదుల దేశమైన ఇరాక్‌కు యాభై అరవై కిలోమీటర్ల తీరం మాత్రమే మిగిలింది. ఎదురుగా ఉన్న వార్బా, బుబియాన్ ద్వీపాలు కువైట్‌వి అయ్యాయి. 1938లో బుర్గాన్ వద్ద చమురు పడింది, 1946లో ఎగుమతి మొదలైంది. అప్పటిదాకా ముత్యాల వేటతో, పడవ వ్యాపారంతో బతికిన ఊరు ఒక్క తరంలో ప్రపంచంలోని సంపన్న దేశాల్లో ఒకటయింది. 1961 జూన్ 19న బ్రిటిష్ రక్షణ ఒప్పందం రద్దయి స్వతంత్రం రాగానే, వారం తిరక్కముందే ఇరాక్ పాలకుడు ఖాసిం ఆ దేశం తమదేనన్నాడు. బ్రిటిష్ సైన్యం మళ్లీ దిగితే వెనక్కి తగ్గాడు. 1963లో ఇరాక్ కువైట్‌ను గుర్తించింది కానీ గట్టు తగాదా మాత్రం తెగలేదు. సద్దాం కొత్తగా కనిపెట్టిన వాదన ఏదీ లేదు. బాగ్దాద్‌లో రాజులు మారినా, రాజరికం పోయినా ఆ వాదన పోలేదు.

పాత తగాదా యుద్ధంగా మారడానికి కొత్త అప్పు కావలసి వచ్చింది. 1980 సెప్టెంబరు నుంచి 1988 ఆగస్టు దాకా ఇరాక్ ఇరాన్‌తో పోరాడింది. అందుకు గల్ఫ్ రాజ్యాలు ధారాళంగా అప్పులిచ్చాయి. యుద్ధం ముగిసేసరికి ఇరాక్ నెత్తిన ఉన్న మొత్తం అప్పు సుమారు 8,000 కోట్ల డాలర్లని అంచనా. అందులో కువైట్‌కు ఇవ్వాల్సింది 1,400 కోట్లు. ఇరాన్ విప్లవం మీ గుమ్మాల్లోకి రాకుండా మేం రక్తం ధారపోశాం, ఆ బాకీ మాఫీ చేయాలన్నది సద్దాం మాట. కువైట్ ఒప్పుకోలేదు. అప్పు తీర్చడానికి ఇరాక్ దగ్గర ఉన్నది చమురొక్కటే. ఆ చమురు ధర 1990 తొలి ఆరు నెలల్లో పడిపోతూ వచ్చింది. బ్యారెల్‌కు ఒక్క డాలరు తగ్గితే తమకు ఏడాదికి 100 కోట్ల డాలర్ల నష్టమని ఇరాక్ మొత్తుకుంది. ధర పడటానికి కారణం కువైట్, యుఏఈ తమ ఒపెక్ కోటా మించి తోడటమేనని ఆరోపించింది.

కువైట్ ఎందుకు తోడింది? ఇక్కడే అసలు కిటుకు ఉంది. ఇరాక్ ముడిచమురు అమ్ముకుని బతికే దేశం. కువైట్ అప్పటికే ఆ దశ దాటింది. యూరప్‌లో శుద్ధి కర్మాగారాలు కొన్నది, క్యూ8 పేరిట పెట్రోలు బంకులు తెరిచింది, ఇతర దేశాల కంపెనీల్లో పెట్టుబడులు పెట్టింది. ముడిచమురు చవకైతే ఒక చేత్తో పోయింది మరో చేత్తో వస్తుంది. ధర తగ్గితే ఒకరికి ఆకలి, మరొకరికి లాభం. ఒకే చమురు కూటమిలో కూర్చున్న ఇద్దరు సభ్యుల ప్రయోజనాలు ఇంతగా విడిపోయాక కోటాల మీద సంతకాలకు విలువేముంటుంది?

ఆపైన రుమైలా. ఈ మహా చమురు క్షేత్రంలో అధికభాగం ఇరాక్‌లో, దక్షిణపు కొస కువైట్‌లో ఉంది. కువైట్ ఏటవాలుగా బావులు తవ్వి తమ చమురు తోడుకుంటోందని, అలా 240 కోట్ల డాలర్ల సరుకు పోయిందని 1990 జులైలో ఇరాక్ విదేశాంగ మంత్రి తారిఖ్ అజీజ్ అరబ్ లీగ్‌కు ఫిర్యాదు రాశాడు. ఏటవాలుగా తవ్వారా లేదా అన్నది నేటికీ వివాదమే. నిజానికి ఏటవాలుగా తవ్వనక్కర్లేదు. గట్టుకు ఇవతల మన పొలంలో బోరు ఉండగా, అవతలి రైతు ఇంకా లోతుగా మరో బోరు దింపి రాత్రింబవళ్లు మోటారు ఆడిస్తే మన బోరు ఎండిపోతుంది. అతను మన పొలంలో అడుగుపెట్టలేదు, కానీ మన నీళ్లు తీసుకున్నాడు. చమురూ, గ్యాసూ అంతే. ఒత్తిడి తక్కువ ఉన్న వైపుకు పోతాయి. పైన గీసిన సరిహద్దు వాటికి పట్టదు.

ఈ తగాదా మనకూ ఉంది. బంగాళాఖాతంలో మన తీరానికి ఎదురుగా కృష్ణా గోదావరి బేసిన్‌లో ఓఎన్‌జీసీ బ్లాకు, రిలయన్స్ కేజీ డీ6 బ్లాకు పక్కపక్కనే ఉన్నాయి. తమ బ్లాకులోని గ్యాస్ పక్క బావుల్లోకి వెళ్లిపోయిందని ఓఎన్‌జీసీ 2014లో ఢిల్లీ హైకోర్టుకెక్కింది. గ్యాస్ అలా కదిలిన మాట వాస్తవమేనని డీగాలియర్ అండ్ మెక్‌నాటన్ అనే అమెరికన్ సంస్థ 2015లో నివేదిక ఇచ్చింది. మరుసటి ఏడాది జస్టిస్ ఏపీ షా కమిటీ, పరిహారం దక్కాల్సింది ఓఎన్‌జీసీకి కాదు, ప్రభుత్వానికని తేల్చింది. ప్రభుత్వం 155 కోట్ల డాలర్లు కట్టమంది. 2018లో మధ్యవర్తుల తీర్పు రిలయన్స్‌కు అనుకూలంగా వచ్చింది. 2023లో హైకోర్టు ఏక సభ్య ధర్మాసనం దాన్ని సమర్థించింది, 2025 ఫిబ్రవరిలో ద్విసభ్య ధర్మాసనం కొట్టేసింది. 2014 నుంచి ఫైళ్లు తిరుగుతున్నాయి, వకీళ్లు బాగుపడుతున్నారు. విసుగు పుట్టించే వ్యవహారమే. అయినా ఒక్క సైనికుడు కదల్లేదు, ఒక్క బావి తగలబడలేదు. రుమైలా తగాదాకు అలాంటి కోర్టు దొరకలేదు. రెండు దేశాలూ తలవంచి నిలబడే న్యాయపీఠం ఒకటి అరబ్బుల మధ్య ఉండి ఉంటే 1990 వేరుగా గడిచేదని గట్టిగానే చెప్పవచ్చు.

జులై 25న బాగ్దాద్‌లో అమెరికా రాయబారి ఏప్రిల్ గ్లాస్పీ సద్దాంను కలిశారు. అరబ్బుల సరిహద్దు తగాదాల్లో తమ దేశానికంటూ అభిప్రాయం లేదని ఆమె అన్నట్టు ఇరాక్ బయటపెట్టిన సంభాషణ ప్రతిలో ఉంది. సద్దాం దాన్ని పచ్చజెండాగా చదువుకున్నాడా, లేక అప్పటికే నిర్ణయించుకున్నాడా అన్న చర్చ ఎన్ని పుస్తకాలు వచ్చినా ఆగలేదు. ఇరాన్‌తో పోరులో సద్దాంకు అండగా నిలిచిన దేశం, ఆఖరి వారంలో గట్టిగా వద్దనలేకపోయిందన్నది మాత్రం కాదనలేని విషయం. జిద్దాలో ఇరాక్, కువైట్ మధ్య జరిగిన ఆఖరి చర్చలు ఆగస్టు 1న విరిగాయి. మర్నాడు తెల్లవారకముందే రిపబ్లికన్ గార్డు ట్యాంకులు కువైట్ నగరంలో ఉన్నాయి. అమీర్ షేక్ జాబిర్ సౌదీకి తప్పించుకున్నాడు. ఆయన సోదరుడు షేక్ ఫహద్ దస్మాన్ రాజభవనం దగ్గర పోరాడి చనిపోయాడు.

ఆ తరువాత జరిగింది చాలామంది టీవీలో చూసిందే. ఐక్యరాజ్య సమితి అదే రోజు ఖండించింది, నాలుగు రోజుల్లో ఆంక్షలు విధించింది. ఆ నెలాఖరుకు సద్దాం కువైట్‌ను ఇరాక్ 19వ రాష్ట్రంగా ప్రకటించాడు. ఇరాక్, కువైట్ చమురు నిల్వలు కలిస్తే ప్రపంచ నిల్వల్లో దాదాపు అయిదో వంతు ఒక్కడి చేతికి వస్తాయి, పక్కనే సౌదీ. అమెరికాను కదిలించింది చిన్న దేశపు సార్వభౌమత్వం కన్నా ఈ అంకగణితమే. 1991 జనవరి 15 గడువు దాటింది, 17న బాంబులు మొదలయ్యాయి. ఫిబ్రవరి 13న బాగ్దాద్‌లోని అమీరియా ఆశ్రయంపై పడ్డ బాంబులకు నాలుగు వందల మందికి పైగా పౌరులు చనిపోయారు. 24న భూతల యుద్ధం, వంద గంటల్లో అంతా అయిపోయింది. అమెరికా పోరులో కోల్పోయింది నూట యాభై మందికి లోపు. చనిపోయిన ఇరాకీల సంఖ్య మీద నేటికీ ఏకాభిప్రాయం లేదు. యుద్ధాన్ని ప్రత్యక్ష ప్రసారంగా చూడటం ప్రపంచానికి అదే మొదలు. మన ఊళ్లలో కేబుల్ వైర్లు వీధి దాటి ఇళ్లలోకి వచ్చింది కూడా ఆ ఊపులోనే.

టీవీలో అంతగా కనబడనిది కూలీల సంగతి. అప్పుడు కువైట్‌లో లక్షన్నరకు పైగా భారతీయులు ఉన్నారు. ఎక్కువమంది కేరళవారు, కడప, ఉభయ గోదావరి జిల్లాల తెలుగువారూ ఉన్నారు. దుకాణాల్లో, కట్టుబడి పనుల్లో మగవాళ్లు, ఇళ్లలో పనికి ఆడవాళ్లు. బ్యాంకులు మూతపడ్డాయి, దాచుకున్న దీనార్లు చిత్తుకాగితాలయ్యాయి. పాస్‌పోర్టు కఫీల్ (పూచీ ఉన్న యజమాని) బీరువాలో ఉంది, కఫీల్ సౌదీకి పారిపోయాడు. అలాంటి మనిషి తాను ఫలానా దేశపు పౌరుణ్నని రుజువు చేసుకునేదెలా?

ప్రధాని వీపీ సింగ్ ప్రభుత్వం విదేశాంగ మంత్రి ఐకే గుజ్రాల్‌ను బాగ్దాద్ పంపింది. సద్దాం ఆయన్ను కౌగిలించుకున్న ఫొటో లోకమంతా తిరిగింది, పశ్చిమ దేశాలు ముఖం చిట్లించాయి. ఆ కౌగిలికి మనం సిగ్గుపడనక్కర్లేదు. ఆక్రమణను ఖండించే గొంతు పెంచకుండా, తన మనుషుల కోసం ఆక్రమించినవాడి గడప తొక్కడం రాజనీతిలో తేలికైన పని కాదు. దాని ఫలితంగా దారి తెరుచుకుంది. కువైట్ నుంచి బస్రా, బాగ్దాద్, అక్కడి నుంచి ఎడారి గుండా జోర్డాన్ సరిహద్దు, గుడారాల్లో పడిగాపులు, అమ్మాన్, బొంబాయి. ఆగస్టు 13న మొదలై 59 రోజుల్లో 488 విమానాలు నడిచాయి. లక్షా 11 వేల మందికి పైగా ఎయిర్ ఇండియాలో వచ్చారు. ఓడలూ ఇతర దారులూ కలుపుకొని లక్షా డెబ్బై వేలని చెబుతారు. 2016లో వచ్చిన ‘ఎయిర్‌లిఫ్ట్’ సినిమా ఈ ఘనత ఒక వ్యాపారికి ఇచ్చి దౌత్యవేత్తలను నిద్రమొహాలుగా చూపింది. అప్పట్లో గల్ఫ్ వ్యవహారాలు చూసిన కేపీ ఫేబియన్ వంటివారు అది అన్యాయమన్నారు. వారి మాటే నిజానికి దగ్గర. అక్కడి ప్రవాస పెద్దలు జనాన్ని కూడగట్టారు, నిజమే. కానీ గుమాస్తాలు, పైలట్లు, రాయబార కార్యాలయపు చిన్న ఉద్యోగులు లేకుండా అంతమంది కదలరు.

బొంబాయిలో దిగినవాళ్లు రైలెక్కి ఇళ్లకు చేరారు. అక్కడితో ప్రభుత్వ కథ ముగిసింది, ఇంటి కథ మొదలైంది. ఏజెంటుకు కట్టడానికి తెచ్చిన అప్పు అలాగే ఉంది, వడ్డీ ఆగలేదు.

దేశానికీ అదే గతి పట్టింది. కువైట్, ఇరాక్‌ల నుంచి వచ్చే డబ్బు ఆగింది, అక్కడికి వెళ్లే సరుకు ఆగింది, బ్యారెల్ ధర అక్టోబరుకు 40 డాలర్లు దాటింది. గల్ఫ్ సర్‌చార్జి పేరిట పెట్రోలు, డీజిలు ధరలు పెంచారు. అంతకుముందే లోటు బడ్జెట్లతో, ఖరీదైన విదేశీ అప్పులతో గుల్లబారిన ఖజానా ఈ దెబ్బకు తట్టుకోలేకపోయింది. కువైట్ యుద్ధమే మన సంక్షోభానికి కారణమనడం సగం నిజం. జబ్బు మనది, ముదిరేలా చేసింది కువైట్. 1991 జనవరిలో మన విదేశీ మారక నిల్వ 120 కోట్ల డాలర్లకు పడిపోయింది, జూన్‌లో రెండు మూడు వారాల దిగుమతులకు మాత్రమే సరిపోయే స్థితి. ఈ మధ్యలో చంద్రశేఖర్ ప్రభుత్వం అమెరికా యుద్ధ రవాణా విమానాలకు బొంబాయి, మద్రాసు, ఆగ్రాల్లో ఇంధనం పోయించింది. రాజీవ్ గాంధీ అడ్డం తిరగడంతో ఆపింది. అలీనదేశం అప్పులపాలైతే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది.

మేలో 20 టన్నుల బంగారం విదేశాలకు వెళ్లింది, జులైలో మరో 46.91 టన్నులు బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్‌ల దగ్గర తాకట్టుకు చేరింది. ఆ రోజుల్లో ఆర్థిక శాఖలో విదేశీ చెల్లింపుల వ్యవహారం చూస్తున్న సంయుక్త కార్యదర్శి, తరువాత రిజర్వు బ్యాంకు గవర్నరయిన కడప జిల్లావాసి వైవీ రెడ్డి. జూన్ 21న ప్రధాని పీఠం ఎక్కినవారు అప్పటి కరీంనగర్ జిల్లా వంగరకు చెందిన పీవీ నరసింహారావు. రూపాయిని జులై మొదటి మూడు రోజుల్లో రెండు విడతలుగా దించారు. ఎక్కడో కువైట్‌లో తిరగబడ్డ బండిని లేపే పని, విధి వైచిత్రి కాబోలు, తెలుగువాళ్ల భుజాల మీద పడింది. జులై 24 బడ్జెట్‌లో ఎరువుల ధర 40 శాతం పెంచారు, గొడవైతే ఆగస్టులో 30కి దించి, చిన్న సన్నకారు రైతులకు మినహాయింపు అన్నారు. కౌలు కాగితం లేని కౌలురైతు చిన్నరైతు జాబితాలో ఎలా చేరతాడు? డెల్టాలో సగం సేద్యం నడిపేది అతనే. రుమైలా తగాదా చివరకు గుడివాడ, అవనిగడ్డ పొలంగట్ల మీదికి అలా వచ్చింది. ఆబోతుల కుమ్ములాటలో లేగల కాళ్లు విరిగాయని మన పెద్దలు ఊరికే అనలేదు.

వెనక్కి పోతూ ఇరాక్ సేన 600కు పైగా చమురు బావులకు నిప్పుపెట్టింది. మధ్యాహ్నం దీపాలు పెట్టుకోవలసినంత పొగ. ఆఖరి బావి ఆరింది 1991 నవంబరు 6న. మన కోనసీమలో 1995 జనవరి 8న పాశర్లపూడి బావి బ్లోఅవుట్ అయింది, అది ఒక్కటే 65 రోజులు మండింది. ఆ మంటను దూరం నుంచి చూసినవాళ్లు, ఆ వేడికి ఊళ్లు ఖాళీచేసినవాళ్లు ఇంకా ఉన్నారు. ఒక్క బావికే అంతయితే ఆరు వందల బావుల సంగతి వాళ్లకు విడమరచి చెప్పనక్కర్లేదు. కైకలూరు, లింగాల, నాగాయలంక ప్రాంతాల్లో నేల కింద గ్యాస్, చమురు దొరికినప్పుడల్లా మన పత్రికలు సంబరపడతాయి. ఆ సంబరంలో పాశర్లపూడి, 2014 జూన్‌లో గెయిల్ గొట్టం పేలి ఇరవై మందికి పైగా బలైన నగరం గ్రామం గుర్తుకు రావాలి. మరో మాట. పక్క సముద్రంలోనే గ్యాస్ ఉన్నా, విజయవాడ శివారు కొండపల్లిలోని గ్యాస్ విద్యుత్ కేంద్రం గ్యాస్ అందక ఏళ్ల తరబడి మూలపడింది. వనరు పక్కన ఉండటం వేరు, అది మన అదుపులో ఉండటం వేరు.

ఆ యుద్ధంలో ఎవరు ఏం కట్టారో చూద్దాం. పాలస్తీనా నాయకత్వం సద్దాంను సమర్థించినందుకు కువైట్‌లో దశాబ్దాలుగా ఉన్న లక్షల పాలస్తీనీయులు ఆ దేశం వదిలారు. యెమన్ ప్రభుత్వ వైఖరికి సౌదీలోని లక్షల యెమనీ కూలీలు వెళ్లగొట్టబడ్డారు. పదమూడేళ్ల ఆంక్షల్లో ఇరాకీ పిల్లలు మందుల్లేక, తిండిలేక చితికిపోయారు. సద్దాం మాత్రం ఆ పదమూడేళ్లూ రాజభవనాల్లోనే ఉన్నాడు. సరిహద్దును ఐక్యరాజ్య సమితి సంఘం 1993లో కొత్తగా ఖరారు చేసింది, రుమైలాలో కొన్ని బావులు కువైట్ వైపుకు వెళ్లాయి. ఇరాక్ మరుసటి ఏడాది ఒప్పుకుంది.

నష్టపరిహారానికి జెనీవాలో ఒక కమిషన్ పెట్టారు. ఇరాక్ చమురు అమ్మకాల నుంచి మొదట 30 శాతం, తరువాత తక్కువ శాతాలుగా కోత పెట్టి ఆ సొమ్ము చెల్లించారు. కువైట్ వదిలి రావలసి వచ్చిన మామూలు మనిషికి 2,500 నుంచి 4,000 డాలర్లు, కుటుంబానికైతే 5,000 నుంచి 8,000. మన దేశంలో దరఖాస్తు చేసి నెగ్గినవాళ్లకు 1990ల మధ్యనుంచి డబ్బు వచ్చింది. పత్రాలు నిలుపుకోలేనివాళ్లకు రాలేదు. పనిమనిషిగా వెళ్లిన ఆడవాళ్ల దగ్గర ఏ పత్రం ఉంటుంది? మొత్తం 15 లక్షల మంది హక్కుదారులకు 5,240 కోట్ల డాలర్లు చేరాయి. సద్దాంను 2006 డిసెంబరు 30న ఉరితీశారు. ఇరాక్ ఆ బాకీలో ఆఖరి కిస్తీ కట్టింది 2022 జనవరిలో. ఆక్రమణ నాటికి పుట్టని ఇరాకీలు కూడా ఆ సొమ్ము మోశారు. 1,400 కోట్ల అప్పు ఎగ్గొట్టబోయి దేశం 5,240 కోట్లు కట్టింది, అదీ సర్వనాశనమయ్యాక.

ఇప్పుడు కువైట్‌లో భారతీయులు పది లక్షలు. ఆ దేశ జనాభాలో అయిదో వంతు మనవాళ్లే. 2024 డిసెంబరులో ప్రధాని మోదీ అక్కడికి వెళ్లారు, ఇందిరాగాంధీ తరువాత 43 ఏళ్లకు వెళ్లిన భారత ప్రధాని ఆయనే. అంతకు ఆరు నెలల ముందు, 2024 జూన్ 12న, మంగఫ్‌లో కూలీలు ఉండే భవనం తగలబడి నలభై మందికి పైగా భారతీయులు చనిపోయారు. అందులో ముగ్గురు ఆంధ్రప్రదేశ్ వారు. 2025 జూన్‌లో ఇజ్రాయెల్, ఇరాన్ బాంబులు వేసుకుంటే ‘ఆపరేషన్ సింధు’ పేరిట మన విద్యార్థులను ఆర్మీనియా మీదుగా తెచ్చుకున్నాం. ఇరాన్ క్షిపణులు ఖతార్‌లోని అమెరికా స్థావరం దాకా వచ్చాయి. హోర్ముజ్ జలసంధి మూస్తామన్న మాట వినబడింది. ప్రపంచం వాడే చమురులో అయిదో వంతు ఆ దారినే పోతుంది, కువైట్ చమురుకైతే మరో దారే లేదు. మన దేశం వాడే ముడిచమురులో 85 శాతానికి పైగా దిగుమతే. 1990లో ఒక చిన్న దేశం చిక్కుకుంటే అంత జరిగింది. ఈసారి గల్ఫ్ అంతా చిక్కుకుంటే?

అప్పుడు ముందుగా అడిగే ప్రశ్న: మనవాళ్లు ఎంతమంది, ఎక్కడెక్కడ? దీనికి ఆంధ్రప్రదేశ్ దగ్గర నమ్మదగ్గ జవాబు లేదు. కేరళ 1996లోనే ప్రవాసుల కోసం ప్రత్యేక శాఖ పెట్టింది, 1998 నుంచి క్రమం తప్పకుండా వలసల సర్వే చేయిస్తోంది. తెలంగాణ 2024లో గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల సాయం ప్రకటించింది. మనకు తాడేపల్లిలో ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీ ఉంది, ప్రవాసాంధ్ర భరోసా బీమా ఉంది. 2020లో కరోనా వేళ కువైట్ నుంచి క్షమాభిక్ష విమానాలు గన్నవరంలో దిగినప్పుడు సాయం చేసిన యంత్రాంగమూ ఉంది. కానీ ఇవన్నీ తమంతట తాము వచ్చి పేరు రాయించుకున్నవారికి. విజిట్ వీసాపై వెళ్లి ఇళ్లలో పనికి కుదిరిన ఆడమనిషి, అకామా (నివాస అనుమతి) గడువు తీరినా దాక్కుని పనిచేస్తున్న కుర్రాడు ఏ జాబితాలోనూ లేరు. ఆపద వచ్చిన రోజున మొదట తప్పిపోయేది వాళ్లే.

గ్రామ, వార్డు సచివాలయాలు ప్రతి ఇంటి రేషను, పింఛను లెక్క రాస్తున్నాయి. అదే పుస్తకంలో మరో గడి చేర్చాలి: ఈ ఇంటి నుంచి గల్ఫ్‌లో ఎవరున్నారు, ఏ దేశం, ఏ ఊరు, ఏ పని, ఫోను నంబరు ఏది, పాస్‌పోర్టు నకలు ఇంట్లో ఉందా. పత్రాలు సరిగా లేనివాళ్ల వివరాలు పోలీసులకు గానీ ఏజెంట్లకు గానీ చేరవని ప్రభుత్వం హామీ ఇవ్వాలి, లేకపోతే ఎవరూ చెప్పరు. ఏడాదికోసారి ఆ లెక్క సరిచూడాలి, ఒక ప్రతి తాడేపల్లిలో, ఒక ప్రతి కువైట్, దోహా, రియాద్‌లలోని మన రాయబార కార్యాలయాల్లో ఉండాలి. దీనికి చట్టం అక్కర్లేదు, కేంద్రం అనుమతి అక్కర్లేదు, ఒక జీవో చాలు. ముఖ్యమంత్రి ఆ జీవోను ఈ ఏడాదే ఇవ్వాలి.